గొంతుకు సెలవు

జులై 6, ఆదివారం

రేపు ఆపరేషన్. ఈ నోటుబుక్కు మా అమ్మాయి నవతది. మొదటి నాలుగు పేజీల్లో కెమిస్ట్రీ ఉంది. అది హాస్టల్‌కు వెళ్తూ వదిలేసింది. చింపబుద్ధి కాక ఐదో పేజీ నుంచి మొదలుపెడుతున్నాను. డైరీ రాయడం ఇంటర్ తర్వాత మళ్లీ ఇప్పుడే.

నిన్న నారాయణగూడ క్లినిక్‌లో డాక్టరు గారు సన్నటి గొట్టం లోపలికి పంపి నా గొంతును తెర మీద నాకే చూపించారు. ఎడమవైపు మినప బద్దంత బుడిపె.

"ఏం పని చేస్తరమ్మా మీరు? టీచరా?" అని అడిగారు.

"కాదు సార్. మంచం పట్టినోళ్లకు ఒంటి మీద పుండ్లు పడకుండా ఒక గాలి పరుపు తయారు చేస్తున్నం. దాన్ని డిజైన్ చేసేది డెన్మార్క్‌ల, తయారయ్యేది వియత్నాం ఫ్యాక్టరీల, లోపల ప్రెషర్ చూసే సాఫ్ట్‌వేరు మన హైదరాబాద్‌ల. ఈ మూడు టీములను కలిపి నడిపించేది నేను. ఇన్నోవేషన్ కోఆర్డినేటర్ అంటరు."

"అంటే రోజంతా ఏం చేస్తరు?"

"పొద్దున వియత్నాం వాళ్లతోని, పగలు మనవాళ్లతోని, సాయంత్రం డెన్మార్క్ వాళ్లతోని మాట్లాడుత."

"సమజైంది," అన్నారాయన తెర మీంచి కళ్లు తిప్పకుండా. "ఎన్నేండ్ల సంది?"

"ఎనిమిది."

పద్నాలుగు రోజులు మాట్లాడకూడదట. గుసగుస కూడా వద్దట, అది ఇంకా చెడ్డదట. తీసిన ముక్కను పరీక్షకు పంపుతారు. అందరికీ పంపుతాం, భయపడొద్దు అన్నారు. భయపడలేదు. తిరిగొస్తూ ఆటోలో మా ఆయన గోవర్ధన్ నా చెయ్యి వదల్లేదు. ఆయనే భయపడ్డట్టున్నాడు.

నా భయమంతా పని గురించి. ట్రయల్‌కు పంపిన పరుపుల్లో, ప్రెషర్ తప్పినప్పుడే మోగాల్సిన అలారం కారణం లేకుండా మోగుతోంది. ఎందుకో నాలుగు నెలలుగా ఎవరికీ అంతు చిక్కడం లేదు. ఇరవై మూడున రివ్యూ. డెన్మార్క్‌లో మెట్టే మాట కత్తి. వియత్నాంలో లాన్ ఉన్నదున్నట్టు మొహం మీదే చెప్పే మనిషి. ఇక్కడ మా అనుదీప్ చిన్నమాటకే చిన్నబుచ్చుకుంటాడు. వీళ్ల మెయిళ్లన్నీ నా దగ్గరికే వస్తాయి. నేను నాలుగు మంచి మాటలు కలిపి అటూ ఇటూ చేరవేస్తాను. అందుకే ఎనిమిదేళ్లలో నా ప్రాజెక్టుల్లో ఒక్క గొడవ కాలేదు. ఈ రెండు వారాలు కాల్స్ నడపమని అనుదీప్‌కు అప్పజెప్పాను. ఏమవుతుందో.

జులై 7

అయింది. నొప్పి లేదు. ఐస్‌క్రీమ్ ఇచ్చారు.

జులై 8, మంగళవారం

గోవర్ధన్ చిక్కడపల్లి స్టేషనరీ దుకాణంలో రెండు పలకలు కొనుక్కొచ్చాడు. రెండెందుకని నా పలక మీద రాసి అడిగాను. ఆయన నోరు తెరవకుండా రెండోదాని మీద రాశాడు: "నీకొక్కదానికే అయితే మంచిగుండదు."

కరెంటాఫీసులో ఇరవై మందిని అదిలించే మనిషి పొద్దుటి నుంచి పలక మీదే మాట్లాడుతున్నాడు. పాలు పొంగుతుంటే కూడా రాస్తూ నిలబడ్డాడు. పొంగిపోయాక చూపించాడు. నవ్వకూడదు. నవ్వినా గొంతులో తంత్రులు కదులుతాయట. చాలా కష్టమైంది.

నవత ఫోన్ చేసింది. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు ఫోన్ మీద వేలితో కొట్టమంది. పావుగంట కొట్టాను.

ఈ ఇద్దరినీ ఇచ్చినందుకు దేవుడికి దండం.

జులై 10, గురువారం

కాల్‌లో ఊరికే కూర్చుని వినొచ్చని సృజన్ ఒప్పుకున్నాడు. సృజన్ మా హైదరాబాద్ సెంటర్ హెడ్. "మీరు రెస్ట్ తీసుకోండి" అన్నాడు కానీ నేను వినకుండా ఎట్లా ఉంటాను.

అనుదీప్‌కు ఈ పని చేతకాదు. లాన్ పంపిన మెయిల్‌ను ఉన్నదున్నట్టు మెట్టేకు చదివి వినిపించాడు. "డెన్మార్క్ పంపే డ్రాయింగులు చూస్తే వాళ్లు ఎప్పుడూ వానాకాలం చూడలేదని తెలుస్తోంది" అన్న వాక్యంతో సహా. నేనైతే ఆ వాక్యాన్ని మింగేసేదాన్ని. చాట్‌లో గబగబా నాలుగు మాటలు టైప్ చేశాను. ఎవరూ చూడలేదు.

జులై 11, శుక్రవారం

నేను భయపడ్డదే అయింది.

మెట్టే అంది, "సాఫ్ట్‌వేరులో తప్పు పెట్టుకుని మా డ్రాయింగుల మీదకు తోస్తున్నారు."

అనుదీప్ అన్నాడు, "మా తప్పేదో చూపించండి, దిద్దుకుంటాం."

లాన్, "ఇది నేను మార్చిలోనే చెప్పాను. నా మాట ఎవరికి చేరింది?" అంది.

సమయమైపోయిందని కాల్ ముగించారు.

నేను ఉండి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. లాన్ మార్చిలో ఏం చెప్పిందో నాకు గుర్తు లేదు. నెలకు రెండొందల మెయిళ్లు వస్తాయి. ఆమె ఇంకేదో అనుకుని ఉంటుంది.

జులై 12, శనివారం

కురుమమ్మ మాట్లాడుతోంది.

ఆరేళ్లుగా మా ఇంట్లో పనిచేస్తోంది. మక్తల్ వైపు ఊరు, ముషీరాబాద్ బస్తీలో ఉంటుంది. ఈ ఆరేళ్లలో ఆమె మాట్లాడిందంతా కలిపినా ఈ నాలుగు రోజుల్లో మాట్లాడినంత ఉండదు. నేను మధ్యలో అడ్డం పడట్లేదు కదా.

ఇవాళ గిన్నెలు తోముతూ అంది: "మీరు మంచమ్మీద పండుకుంటే మా చెన్నయ్య యాదికొచ్చిండమ్మా. సెంట్రింగు మీదికెల్లి పడ్డప్పుడు మూడు నెలలు గిట్లనే పండుకునె. ఈపు మీద ఇంత పుండయింది. గంటగంటకు నేనొకదిక్కు, బిడ్డ అంబిక ఒకదిక్కు వట్టి ఒత్తిగిలిపిచ్చేది. కింద పిలాస్టిక్ కవరేస్తే చెమట వట్టి ఇంక ఎక్కువైతుండె. దాన్ని గుంజి పారేసి నా పాత చీరెలు మడతవెట్టి ఏసిన."

మా ఇంట్లో గిన్నెలు తోమే మనిషి భర్తకే వీపు మీద పుండు పడింది. నేనేమో అలాంటి పుండ్ల గురించి మూడు దేశాలతో మాట్లాడుతూ గడిపాను.

అడగాలనుంది, కానీ కురుమమ్మకు పలక చదవడం రాదు. పాపం, నాతో చెప్పుకోవడానికి మొహమాటపడి ఉంటుంది.

చెన్నయ్య ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడట. అంతవరకు నయం.

జులై 14, సోమవారం

రిపోర్టు వచ్చింది. ఏమీ లేదు.

గోవర్ధన్ కాగితం చదివి, పలక తీసి, ఏదో రాయబోయి, రాయలేక పక్కన పెట్టేశాడు.

జులై 15, మంగళవారం

సాయంత్రం అనుదీప్ ఇంటికొచ్చాడు. విద్యానగర్‌లో గది తీసుకుని ఉంటాడు. ట్రయల్ యూనిట్ ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు. పరుపుకు గాలి పంపే డబ్బా అది, టిఫిన్ క్యారియర్ అంత ఉంటుంది.

గోవర్ధన్ ఛాయ్ ఇచ్చాడు. తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు.

"మేడమ్, నన్ను ప్రాజెక్టులకెల్లి తీసేస్తున్నరు. రివ్యూ అయినంక పుణే టీమ్‌కు ఇస్తరంట. సాఫ్ట్‌వేర్ వల్లనే ఆలస్యమైందని సృజన్ సార్ రిపోర్టుల రాసిండు."

పలక మీద "ఎప్పుడు?" అని రాశాను.

"నిన్న. మేడమ్, నాలుగు నెలల సంది నా కోడ్‌నే నేను అనుమానపడుతున్న. లైను లైను చూసిన. తప్పు దొరకలే. ఇగ నా మీద నాకే నమ్మకం పోయింది. వేరే పని సూసుకుందామని అనిపిస్తుంది."

ఇరవై ఏడేళ్ల పిల్లవాడు. కళ్ల కింద నల్లగా ఉంది. "అంతా మంచిగైతది" అని రాసి చూపించాను.

చదివి తలూపాడు. "మీరెప్పుడు గట్లనే అంటరు మేడమ్. అందుకే మీ దగ్గరికొచ్చిన," అన్నాడు.

యూనిట్‌ను తీసుకుని వెళ్లిపోయాడు. ఛాయ్ అట్లాగే ఉంది.

జులై 16, బుధవారం

ఇవాళ జరిగింది పూర్తిగా రాయాలి.

పొద్దున కురుమమ్మ వచ్చేసరికి గోవర్ధన్ ఇంట్లోనే ఉన్నాడు. నాకో ఉపాయం తట్టింది. పలక మీద రాసి ఆయనకిచ్చాను. నా రాతను ఆయన పైకి చదివాడు: "కురుమమ్మా, చెన్నయ్య పడ్డ సంగతి నాకెందుకు చెప్పలేదు అని అడుగుతుంది అమ్మ."

కురుమమ్మ చీపురు పక్కన పెట్టి నా వైపు తిరిగింది. కోపం లేదు. ఆశ్చర్యం ఉంది.

"చెప్పిన గదమ్మా. మీరు ఫోన్ల ఉండిరి. ఫోను చెయ్యి అడ్డం వెట్టి, ఏమైంది కురుమమ్మా అన్నరు. మా ఆయన పడ్డడమ్మా, నడుము లేస్తలేదు అన్న. అయ్యో, మంచిగైతది లే అన్నరు. మల్ల ఫోన్ల మాట్లాడిండ్రు."

గోవర్ధన్ నా వైపు చూశాడు. నేను పలక వైపు చూశాను.

"నేనేం తప్పువట్టలేదమ్మా," అంది కురుమమ్మ. "మీరు మంచిగనే అన్నరు. గని గట్ల అన్నంక ఇంక ఏం చెప్తం? మాట ఆడికే అయిపాయె."

ఆమె మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. గోవర్ధన్ ఆఫీసుకు వెళ్లాడు.

పది గంటలకు లాప్‌టాప్ తెరిచి లాన్ పేరు మీద మార్చి మెయిళ్లు వెతికాను. పెద్దగా వెతకాల్సిన పని పడలేదు. మార్చి 18.

"తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో గాలి గొట్టంలో నీరు చేరుతోంది. ఆ నీటి వల్ల సెన్సర్ ప్రెషర్‌ను తప్పుగా చూపుతోంది, అలారం మోగుతోంది. మేము పదకొండు పరుపుల్లో చూశాం, ఎనిమిదింట్లో ఇదే. గొట్టం డిజైన్ మార్చకుండా ముందుకు వెళ్లడం దండగ. దయచేసి ఇది మెట్టేకు ఈ రోజే చెప్పండి."

దాని కిందే అదే రోజు సాయంత్రం నేను మెట్టేకు పంపిన రిపోర్టు.

"వియత్నాం టీము పని చురుగ్గా సాగుతోంది. తేమ గురించి ఒక చిన్న గమనిక ఇచ్చారు, వీలునుబట్టి పరిశీలించవచ్చు."

చిన్న గమనిక. వీలునుబట్టి.

ఎందుకట్లా రాశానో బాగానే గుర్తుంది. ఆ వారం డెన్మార్క్‌లో పెద్దవాళ్లు ప్రాజెక్టు ఉంచాలా వద్దా అని తేల్చబోతున్నారు. మెట్టే అప్పటికే చిరాగ్గా ఉంది. ఈ మాట ఇప్పుడు వద్దు, వచ్చే వారం నెమ్మదిగా చెబుదాం అనుకున్నాను. వచ్చే వారం వచ్చింది. ఇంకేదో పని పడింది. లాన్ మళ్లీ రాసింది, ఏప్రిల్ 2న. దానికి నా జవాబు కూడా ఉంది: "మీ మాట చేరవేశాను. అంతా సర్దుకుంటుంది."

చేరవేయలేదు.

జులై 17, గురువారం

ఇంట్లో ఉండలేక సెంట్రల్ లైబ్రరీకి వెళ్లాను. అశోక్‌నగర్ కోచింగ్ పిల్లలంతా అక్కడే. మెట్ల మీద, చెట్ల కింద, ఎక్కడ జాగా ఉంటే అక్కడ పుస్తకం పెట్టుకుని కూర్చున్నారు. అక్కడ నా మౌనం ఎవరికీ వింతగా అనిపించలేదు. పక్కనున్న అమ్మాయి, అడగకుండానే, జరిగి చోటిచ్చింది.

లాన్ మెయిల్ నాకు ఒక్కదానికే వచ్చింది. దాన్ని నేనేం చేశానో నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఇలా అనుకోవడం కూడా తప్పే. కానీ అనుకున్నాను. రెండు గంటలు అదే అనుకున్నాను.

జులై 18, శుక్రవారం

మెట్టే, లాన్, అనుదీప్, ముగ్గురినీ ఒక గ్రూపులో చేర్చాను. ఎనిమిదేళ్లలో ఎప్పుడూ అట్లా చేయలేదు. లాన్ మార్చి మెయిల్‌ను అక్షరం మార్చకుండా అందులో పెట్టాను. "దీన్ని ముగ్గురూ చూడాలి" అని మాత్రం రాశాను.

తేదీ చూసి ఎవరైనా అడిగితే అప్పుడు చూద్దాం అనుకుని నా రిపోర్టు సంగతి రాయలేదు. విషయం వాళ్లకు చేరింది, పని జరుగుతుంది, అది చాలు. పాతవి తవ్వుకుంటే ఎవరికి లాభం.

జులై 19, శనివారం

అనుదీప్ వీడియో పెట్టాడు. తన గది బాత్రూంలో బకెట్ నిండా వేడినీళ్లు పోసి, తలుపు మూసి, యూనిట్‌ను బకెట్ పక్కన ఎత్తు పీట మీద పెట్టాడు. నలభై నిమిషాలకు అలారం మోగింది. పరుపు లేదు, మనిషి లేడు, ఒట్టి డబ్బా. యూనిట్‌ను గదిలోకి తెచ్చి గొట్టం విప్పి ఆరబెట్టాడు. అలారం ఆగింది. మళ్లీ లోపల పెట్టాడు. మళ్లీ మోగింది.

వీడియో చివర్లో వాడి మొహం. చెమటలు కారుతూ నవ్వుతున్నాడు. నాలుగు నెలల తర్వాత ఆ నవ్వు చూశాను.

మెట్టే రాసింది: "అర్థమైంది. గొట్టం వంపు తప్పు. అది నా గీతే."

జులై 20, ఆదివారం

వీధిలో పొద్దుటి నుంచి బోనాల డప్పులు. గోవర్ధన్ పలక మానేసి నోటితోనే మాట్లాడుతున్నాడు, ఈ మోతలో ఎట్లాగూ ఏమీ వినపడదని.

గ్రూపులో రెండు రోజుల్లో అరవై ఒక్క మెసేజులు. ఆదివారం కూడా. లాన్ ఫ్యాక్టరీ వానాకాలపు గోడల ఫొటోలు పంపింది, ఆ చెమ్మను చూస్తే చాలు. మెట్టే కాగితం మీద గీసిన బొమ్మ పంపింది. గొట్టాన్ని కిందికి వాలుగా తిప్పి, చివర నీళ్లు కారిపోయే చిన్న రంధ్రం. లాన్ "ఇది కుట్టలేం, అతికించాలి" అంది. "అతికించండి" అంది మెట్టే. మధ్యలో కసిరాటలు కూడా ఉన్నాయి. ఒక చోట మెట్టే "ఇది పిచ్చి మాట" అని రాసింది. గంటలో లాన్ లెక్కలు పంపింది. మెట్టే "కాదు, మీరే కరెక్టు" అంది. నేను ఊపిరి బిగబట్టి చదివాను. ఎవరూ చచ్చిపోలేదు.

అరవై ఒక్క మెసేజుల్లో ఒక్కటీ నన్ను అడిగింది కాదు.

సంతోషంగా ఉంది. అవును, సంతోషమే. ఇంకోటి కూడా ఉంది, దాని పేరు రాయను.

జులై 21, సోమవారం

డాక్టరు గారు చూసి, "మంచిగ మానింది. మెల్లగ మీ పేరు చెప్పండమ్మా," అన్నారు.

"ఉదయశ్రీ." ఎవరో పరాయి మనిషి చెప్పినట్టుంది. బొంగురుగా, లోతుగా.

ఇవాళ్టి నుంచి రోజుకు ఐదు నిమిషాలు. వారం తర్వాత పది. ఎక్కువైతే మళ్లీ మొదటికి.

ఇంటికొచ్చి సృజన్‌కు మెయిల్ రాశాను. అలారం కారణం దొరికింది కదా, అనుదీప్‌ను ఉంచండి అని. జవాబు వెంటనే వచ్చింది: "కారణం దొరకడం మంచిదే. కానీ నాలుగు నెలల ఆలస్యానికి రివ్యూలో ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. హైదరాబాద్ టీము ఇన్నాళ్లూ సాఫ్ట్‌వేరులోనే వెతికింది. నిర్ణయంలో మార్పు లేదు."

ఎవరో ఒకరు.

జులై 22, మంగళవారం

గోవర్ధన్‌కు మొత్తం చెప్పాను, పలక మీద. ఏడుసార్లు తుడిచి రాయాల్సి వచ్చింది. ఆయన పూర్తిగా చదివి, "ఇగ చెప్పకపోతే ఏమైతది?" అని అడిగాడు, పైకే.

"నాకేం కాదు" అని రాశాను.

"చెప్తే?"

"తెలియదు. ఈ పని పోవచ్చు."

"ఆ పిలగాడికి?"

రాయలేదు. ఆయనకు తెలుసు.

ఆయన అన్నాడు, "నువ్వు ఎవ్వల్ని నొప్పియ్యవని అందరు అంటరు. నాకు గూడ అదే నచ్చింది పెండ్లిచూపులల్ల. గని ఒక్క మాట అడుగుత ఉదయా, కోపం జెయ్యకు. నాకెప్పుడన్న నిజం చెప్పినవా? నేను చేసిన కూర ఎట్లున్నదో?"

"లేదు" అని రాశాను.

"నాకు తెలుసు," అన్నాడు. "గా ఐదు నిమిషాలు రేపటికి జాగ్రత్తగ పెట్టుకో. ఇయ్యాల ఎవ్వలతోని మాట్లాడకు. నాతోని గూడ."

జులై 23, బుధవారం

రివ్యూ.

పదిహేను మంది తెరల మీద. సృజన్ ఆలస్యం గురించిన పేజీకి రాగానే చెయ్యెత్తాను. "ఉదయశ్రీ, మీరు మాట్లాడొద్దు కదా?" అన్నాడు. ఐదు నిమిషాలు మాట్లాడొచ్చని చెప్పాను. నా గొంతు విని రెండు మూడు మొహాలు కెమెరాకు దగ్గరగా వచ్చాయి.

చూసి చదవడానికి రాసుకున్నాను, కానీ చదవలేదు.

"మార్చి పద్దెనిమిదిన లాన్ కారణాన్ని స్పష్టంగా రాసి నాకు పంపింది. మెట్టేకు ఆ రోజే చెప్పమంది. నేను దాన్ని చిన్న గమనిక అని రాసి పంపాను. ఏప్రిల్‌లో ఆమె మళ్లీ అడిగితే చేరవేశానని అబద్ధం చెప్పాను. హైదరాబాద్ టీము సాఫ్ట్‌వేరులో వెతికిందంటే, వెతకడానికి వాళ్లకు ఇంకో చోటు ఉందని నేను చెప్పనందుకే. అనుదీప్ నాలుగు నెలలు లేని తప్పు కోసం వెతికాడు. ఆలస్యానికి జవాబు నాది. రిపోర్టులో ఆ వాక్యం మార్చాలని కోరుతున్నాను."

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మిగిలిన మూడు నిమిషాలు ఏం చేయాలో తోచలేదు.

మొదట మెట్టే మాట్లాడింది. "ఆ వారం చెడ్డ వార్త నా ముందుకు తేవడం ఎవరికైనా కష్టమయ్యేది. అందులో నా వంతు కూడా ఉంది. కానీ నాకు చెప్పి ఉండాల్సింది."

అనుదీప్ కెమెరా ఆపేశాడు.

లాన్ వంతు వచ్చింది. ఆమె ఫరవాలేదు అనలేదు. "ఆ నాలుగు నెలలు నా దగ్గర పనిచేసే ఆడవాళ్లు ప్రతి పరుపునూ మూడుసార్లు విప్పి కుట్టారు," అంది. "తప్పు వాళ్ల చేతుల్లో ఉందేమోనని. వాళ్లకు నేనేం చెప్పను? మీ మీద నాకు కోపంగా ఉంది. చాలా కోపంగా ఉంది. ఇవాళ చెప్పారు, అది విన్నాను. అంతే."

నేను "అవును" అన్నాను. మంచి మాట ఏదీ కలపలేదు.

కాల్ అయ్యాక వంటింట్లోకి వెళ్లి స్టవ్ పక్కన నిలబడి ఏడ్చాను, శబ్దం రాకుండా. బాధతోనే, కానీ ఒట్టి బాధ కాదు. ఎనిమిదేళ్లలో నాతో ఎవరూ ఇంత నేరుగా మాట్లాడలేదు. నేను ఎవరినీ మాట్లాడనివ్వలేదు.

జులై 25, శుక్రవారం

సృజన్ పిలిచి మాట్లాడాడు. నా ఫైలులో ఇది రాస్తారు. ప్రమోషన్ ఈ ఏడు లేదు. పరుపు ప్రాజెక్టును నడిపించే బాధ్యత ఇక మెట్టేది. నేను ఉంటాను, కానీ మీటింగుల్లో తేలిన విషయాలు రాసి అందరికీ పంపడం వరకే. అది కూడా మాట్లాడినవాళ్ల మాటల్లోనే.

"మీరు ఒప్పుకుంటరా?" అని అడిగాడు. ఒప్పుకున్నాను.

ఆలస్యం గురించిన వాక్యాన్ని రిపోర్టులోంచి తీసేశారు. అనుదీప్ ఉంటాడు.

సాయంత్రం వాడి మెసేజ్: "మేడమ్, రెండు రోజులు మీ మీద బాగ కోపమొచ్చింది. ఇంక కొంచెం ఉంది. థాంక్స్."

నాలుగైదుసార్లు చదివాను.

జులై 29, మంగళవారం

పది నిమిషాలిచ్చారు డాక్టరు గారు. అందులో ఆరు కురుమమ్మకు ఖర్చు పెట్టాను. చెన్నయ్యకు నొప్పి ఎక్కడుంది, మందులు ఏం వాడుతున్నాడు, మళ్లీ పనికెళ్తున్నాడా అని అడిగాను. సెంట్రింగుకు పోలేడట. కాచిగూడ హోల్‌సేల్ దుకాణం ఒకదాంట్లో వాచ్‌మన్ పని అడిగారట, ఇంకా తేలలేదట. పుండు మానింది కానీ తోలు పల్చగా ఉండి ఎండకు మండుతుందట.

"గోలీలు ఏసుకుంటే తగ్గుతదా?" అన్నాను.

"తగ్గదమ్మా. గది గట్లనే ఉంటది," అంది.

ఉంటది. మంచిగైతది లే అనలేదు. డాక్టరు గారికి ఫోన్ చేసి, చర్మం డాక్టరు పేరు ఒకటి అడిగి రాసుకున్నాను. ఆ చర్మం డాక్టరు గురువారం పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నారు. గోవర్ధన్ చెన్నయ్యను స్కూటరు మీద తీసుకెళ్తాడు.

ఆగస్టు 1

గోవర్ధన్ బెండకాయ పులుసు చేశాడు. ఉప్పు ఎక్కువైందని చెప్పాను. ఎంత సంతోషపడ్డాడో.

ఆగస్టు 8, శుక్రవారం

లాన్ ఫ్యాక్టరీలో కొత్త గొట్టం పెట్టిన పన్నెండు పరుపులను చెమ్మ గదిలో వారం నడిపారు. ఒక్క దొంగ అలారం కూడా లేదు. కంపెనీ రికార్డుల్లో ఈ మార్పు కనిపెట్టినవాళ్ల పేర్లు ఇవాళ నమోదు చేశారు: లాన్, మెట్టే, అనుదీప్, ఇంకా లాన్ దగ్గర గొట్టాలు అతికించే ఇద్దరు ఆడవాళ్లు. ఆ ఇద్దరి పేర్లు పెట్టాల్సిందేనని లాన్ పట్టుబట్టిందట. మెట్టే రెండో మాట లేకుండా పెట్టింది. వాళ్ల పేర్లను సరిగ్గా ఎలా రాయాలో లాన్‌ను మెయిల్‌లో అడిగి, జాబితా నేనే టైప్ చేశాను.

నా పేరు లేదు. ఉండకూడదు. రాస్తున్నప్పుడు చెయ్యి ఆగలేదు.

ఆగస్టు 13, బుధవారం

పొద్దున ఏడున్నరకు ఫోన్ మోగింది. లాన్. రివ్యూ తర్వాత ఆమె నాతో విడిగా మాట్లాడలేదు. నేనూ మాట్లాడించే ధైర్యం చేయలేదు.

"మీ గొంతు ఎలా ఉంది?" అని అడిగింది.

"ఇంకా బొంగురుగానే ఉంది."

"అయితే వినండి. వార్త మంచిది కాదు. ఇంకా ఎవరికీ చెప్పలేదు. మీకే మొదట."

చెప్పింది. పన్నెండు పరుపుల్లో మూడింట్లో అతుకు వదులవుతోంది. గది వేడి ఎక్కువైతే జిగురు పట్టు తప్పుతోంది. కొత్త జిగురు వెతకాలి, రెండు వారాలు పడుతుంది, ఈ నెలాఖరుకు పంపుతామన్న సరుకు వెళ్లదు. అతికించిన ఇద్దరూ పొద్దుట్నుంచి ఏడుస్తున్నారట. తప్పు వాళ్లది కాదని ఆమె వాళ్లకు చెప్పిందట. మెట్టేకు ఎట్లా చెప్పాలో మాత్రం తోచక నాకు చేసిందట.

ఇరవై రెండు నిమిషాలు మాట్లాడింది. నేను మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం పడలేదు. జిగురు పేరు, గది వేడి, పరుపుల నంబర్లు, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. ఇంత చెడ్డ వార్త చేతికందగానే, మళ్లీ నాకే చెప్పాలని ఆమెకు అనిపించింది. దీనికి ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తెలియలేదు. ఆమెకే చెప్పాను.

"దేనికి?" అంది.

"నాకు చేసినందుకు."

ఆమె ఫోన్ పెట్టేయలేదు.

"మెట్టేకు, అనుదీప్‌కు ఇప్పుడే పంపుతాను. పంపేముందు మీకు చదివి వినిపిస్తాను," అన్నాను. డాక్టరు గారిచ్చిన ఇవాళ్టి నిమిషాల్లో ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. నెమ్మదిగా చదివాను. ఆమె చివరిదాకా వింది.

"ఒక్క మాట మార్చండి," అంది. "అతుకు కొంచెం వదులవుతోంది అని రాశారు. చాలా అని రాయండి."

మార్చి పంపించాను.